ఒక్కోసారి మద్దెలే ఓడు

ప్రశ్న: మాది ఖమ్మం. ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. వయసు యాభై రెండు. ఆరో తరగతి పిల్లల చేత గేయాలు పాడించేటప్పుడు చేతిలో ఒక చిన్న వాయిద్యం ఉంటే బాగుంటుందని, వెదురుతో చేసిన యుకులేలే (గిటారు లాంటి నాలుగు తీగల బుల్లి వాయిద్యం) ఒకటి, కన్సర్ట్ సైజుది, ఆన్‌లైన్‌లో 4,200 రూపాయలకు కొన్నాను. ‘కలప కంటే గట్టిది, పర్యావరణానికి మేలు, వేణువు లాంటి నాదం’ అని అమ్మేవాళ్ళు రాశారు. మా బావమరిది అది చూసి, ‘వెదురుతో బుట్టలల్లుతారు, నిచ్చెనలు కడతారు గాని వీణలు చేస్తారా బావా’ అని ఒకటే నవ్వు. నాకు రెండు ఇబ్బందులు ఎదురయ్యాయి. రాత్రి శ్రుతి చేసి పెడితే తెల్లారేసరికి దిగిపోతోంది. నాలుగు తీగలూ సరిగ్గా శ్రుతి చేసినా ఎఫ్ కార్డు (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి పలికించేది) పట్టగానే ఎక్కడో అపస్వరం వినిపిస్తోంది. లోపం నా వేళ్ళదా, వెదురుదా? వాపసు గడువు ఇంకా పన్నెండు రోజులుంది. ఉంచుకోవాలా, పంపేయాలా?
– ఒక తెలుగు మాస్టారు

సమాధానం:

మాస్టారూ, ఆడలేక మద్దెల ఓడన్నట్టు అనే సామెతను మీరు పిల్లలకు ఎన్నిసార్లు వివరించి ఉంటారో! కొంచెం వయసు వచ్చాక వాయిద్యం పట్టేవాళ్ళు ఆ సామెతను తీసుకెళ్ళి తమకే తగిలించుకుంటారు. ఏ స్వరం తేడాగా పలికినా ‘నాకే చేతకావడం లేదు’ అనుకుంటారు. చౌక వాయిద్యాల దగ్గర మాత్రం నిజంగానే మద్దెల ఓడై ఉండే సందర్భాలు తక్కువేమీ కావు. అందుకని ముందు మద్దెల సంగతి చూద్దాం. మీ వేళ్ళ సంగతి తరువాత. వెదురు సంగతి ఇంకా తరువాత.

నా మొదటి యుకులేలే నీలం రంగు పూసిన ప్లైవుడ్‌ది. ఒక కొట్లో వేలాడుతుంటే ముచ్చటపడి కొన్నాను. నాలుగు నెలలు సాధన చేసినా మెడ పైభాగంలో వాయించే స్వరాలు మొదటి భాగంలోని స్వరాలతో కలిసేవి కావు. నాకు సంగీతం చెవి లేదని నిర్ధారించుకుని దాన్ని అటకెక్కించబోతుండగా, పక్కింట్లో వీణ నేర్పే టీచరు గారు ఒకసారి ఇలా ఇవ్వమన్నారు. పన్నెండో మెట్టు మీద వేలు పెట్టి మీటారు. చింతకాయ కొరికినట్టు ముఖం పెట్టారు. ‘మా వీణకైతే మైనం మెత్తబరిచి మెట్టును ఇటో అటో జరుపుకుంటాం. దీనికి ఆ అదృష్టం లేదు’ అని వెనక్కి ఇచ్చేశారు. ఆ రోజు స్కేలు పెట్టి కొలిస్తే తేలింది: తీగల అవతలి కొసలు కట్టి ఉండే బ్రిడ్జిని ఉండవలసిన చోటు కంటే నాలుగు మిల్లీమీటర్లు ముందుకు అంటించారు. నాలుగు నెలలుగా నేను తిట్టుకుంటున్న చెవి నిజానికి పరమ సత్యమే చెబుతూ వచ్చింది.

కాబట్టి మీరూ స్కేలు తీయండి. బడిపంతులి ఇంట్లో స్కేలుకు కొదవ ఉండదు. మెడ చివర, తీగలు బిరడాల వైపు వెళ్ళే ముందు ఆనుకునే సన్నని పట్టీ ఉంటుంది. దాన్ని నట్ అంటారు. అక్కడి నుంచి పన్నెండో ఫ్రెట్ దాకా, అంటే మెడ మీద అడ్డంగా ఉన్న లోహపు మెట్లలో పన్నెండో దాని దాకా కొలవండి. కన్సర్ట్ సైజుకు తీగ పొడవు సుమారు 15 అంగుళాలు, అంటే 38 సెంటీమీటర్లు కాబట్టి మీకు 19 సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూగా వస్తుంది. ఇప్పుడు అదే పన్నెండో ఫ్రెట్ నుంచి అవతల బ్రిడ్జి మీద తీగ ఆనే తెల్లని పట్టీ దాకా, అంటే శాడిల్ దాకా కొలవండి. తీగను సరిగ్గా సగం చేస్తే షడ్జం తారా షడ్జం అవుతుంది. పన్నెండో ఫ్రెట్ ఉన్నది అందుకే. కాబట్టి ఈ రెండు కొలతలూ దాదాపు సమానంగా ఉండాలి. రెండోది ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లు ఎక్కువ ఉంటే తప్పు కాదు, అది కావాలని ఉంచేదే. వేలితో నొక్కినప్పుడు తీగ కాస్త బిగిసి స్వరం పైకి పోతుంది. ఆ బిగువును సరిపెట్టడానికి అంత పొడవు కలుపుతారు. రెండో కొలత మొదటి దాని కంటే తక్కువ వచ్చిందా, ఇక మాట్లాడేదేమీ లేదు, ఆ రోజే పంపేయండి. ఊడదీసి మళ్ళీ అంటించే ఖర్చుతో ఇంకో యుకులేలే వస్తుంది.

స్కేలు చెప్పినదాన్ని చెవితోనూ రూఢి చేసుకోవచ్చు. పన్నెండో ఫ్రెట్ లోహపు కడ్డీకి సరిగ్గా పైన తీగను నొక్కకుండా వేలు ఊరికే తాకించి మీటి, వెంటనే వేలు తీసేయండి. చిన్న గంట మోగినట్టు ఒక స్వరం వస్తుంది. ఇప్పుడు అక్కడే మామూలుగా నొక్కి మీటండి. రెండూ ఒకటే కావాలి. ఫోనులో ట్యూనర్ పెట్టుకుంటే తేడా సెంట్లలో చూపిస్తుంది (పొలం సెంట్లు కావు, ఒక స్వరస్థానానికీ పక్క స్వరస్థానానికీ మధ్య దూరాన్ని నూరు భాగాలు చేస్తే అందులో ఒకటి). అయిదారు సెంట్ల తేడా ఈ ధరలో సహజం, చెవికి తెలియదు. నాలుగు తీగలూ ఇరవై సెంట్ల దాకా పైకి పోతుంటే, ఆ ప్రాంతంలో తీగలు మరీ ఎత్తుగా ఉన్నాయేమో చూడండి. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగకూ కడ్డీకీ మధ్య రెండున్నర, మూడు మిల్లీమీటర్ల ఖాళీ మామూలు. అంతకు మించి ఉంటే శాడిల్‌ను అడుగు నుంచి అరగదీసి తగ్గించవచ్చు. ఎత్తు సరిగ్గానే ఉండి స్వరం తప్పుతుంటే బ్రిడ్జి అంటించిన చోటే తప్పు. ఒక్క తీగే తప్పుతుంటే వాయిద్యాన్ని అనకండి, ఆ తీగ మారిస్తే సరిపోతుంది.

ఇక మీ ఎఫ్ కార్డు. మీరు రాయలేదు గాని, సి కార్డు పట్టినప్పుడు ఇంత తేడా వినిపించి ఉండదు. అవునా? నాలుగు తీగల పేర్లు వరసగా జి, సి, ఇ, ఎ. సి కార్డుకు ఎ తీగ మీద మూడో ఫ్రెట్ ఒక్కటే నొక్కుతాం. ఎఫ్‌కు జి తీగ రెండో ఫ్రెట్, ఇ తీగ మొదటి ఫ్రెట్ నొక్కాలి. నా అనుమానం ఆ మొదటి ఫ్రెట్ మీదే. ఫ్యాక్టరీలో నట్‌కు గాట్లు పెట్టేటప్పుడు లోతుగా కోస్తే తీగ జరజరమంటుంది, సరుకు తిరిగి వస్తుంది. అందుకని చాలామంది గాట్లను పైపైనే వదిలేస్తారు. తీగలు ఎత్తులో ఉండిపోతాయి. నట్‌కు పక్కనే ఉన్న మొదటి ఫ్రెట్ దాకా తీగను వంచాలంటే చాలా సాగదీయాల్సి వస్తుంది, సాగితే స్వరం పైకి పోతుంది. మూడో ఫ్రెట్ దగ్గర ఆ ఇబ్బంది అంతగా ఉండదు.

దీన్ని తేల్చడానికి ఒక విజిటింగ్ కార్డు చాలు. తీగను మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టుకోండి. ఇప్పుడు మొదటి ఫ్రెట్ కడ్డీకీ తీగకూ మధ్య వెంట్రుకవాసి ఖాళీ మాత్రమే కనిపించాలి. మామూలు కాగితం దూరవచ్చు. విజిటింగ్ కార్డు తీగకు తగలకుండా హాయిగా దూరిపోతోందంటే నట్ ఎత్తుగా ఉన్నట్టే. నాలుగు తీగలకూ విడివిడిగా చూడండి, ఒకటి సరిగ్గా ఉండి మూడు తప్పిన వాయిద్యాలు నేను చూశాను.

ఇది నయమయ్యే జబ్బు. గిటార్లు బాగుచేసే మనిషి సూది ఆకురాయితో అరగంటలో గాట్లు సరిచేస్తాడు. మీరే చేద్దామని కూర్చోకండి. ఒక్క రుద్దు ఎక్కువైతే తీగ మొదటి ఫ్రెట్‌కు తగిలి జరజరమంటుంది, అప్పుడు నట్టే మార్చాలి. ఇంకో మాట. ఆకురాయి పడ్డాక వాపసు తీసుకోరు. కాబట్టి మిగతా పరీక్షలన్నీ అయ్యాకే ఆ పని.

మీ వేళ్ళకు ఇందులో వాటా లేదని మాత్రం చెప్పను. కొత్తవాళ్ళు చాలామంది బావిలో చేద తాడు పట్టుకున్నట్టు మెడను పట్టుకుంటారు. ఇ తీగను మొదటి ఫ్రెట్‌లో, స్వరం పలికేటంత మేరకే, అతి తేలిగ్గా నొక్కి ట్యూనర్ చూడండి. తరువాత మీ అలవాటు ప్రకారం నొక్కి చూడండి. మొదటిసారి సరిగ్గా ఉండి రెండోసారి పైకి పోతే లోపం బొటనవేలి పట్టులో ఉంది. రెండుసార్లూ పైకే పోతే నట్‌లో ఉంది.

రాత్రి శ్రుతి తెల్లారేసరికి దిగడం గురించి అసలు దిగులు వద్దు. కొత్త నైలాన్ తీగలు సాగుతూనే ఉంటాయి, పది రోజులు, ఒక్కోసారి రెండు వారాలు. ప్రతి తీగనూ మధ్యలో పట్టుకుని మెల్లగా పైకి లాగి, మళ్ళీ శ్రుతి చేసి, మళ్ళీ లాగండి. నాలుగైదు సార్లు అలా చేస్తే తొందరగా దారికొస్తాయి. శ్రుతి ఎప్పుడూ కింది నుంచి పైకి తీసుకురండి. పైకి పోయిందని కిందికి దించి అక్కడే ఆపితే బిరడాలో మిగిలిన వదులు తరువాత జారుతుంది. నాలుగూ సమానంగా దిగుతుంటే అది సాగుడే. ఒక్కటే దిగుతుంటే బ్రిడ్జి దగ్గర ముడి జారుతోందేమో చూడండి. అదీ కాకపోతే ఆ బిరడా చివరనున్న చిన్న మరను పావు చుట్టు బిగించండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. వడ్రంగి చెక్క వంపు చూసినట్టు మెడను కంటికి ఎదురుగా పెట్టుకుని చూడండి. చాలా యుకులేలేలకు మెడ లోపల సరిచేసుకునే ఇనుప కడ్డీ ఉండదు, వంకర ఉంటే ఉన్నట్టే, పంపేయాలి. బ్రిడ్జి వెనక అంచు కిందికి కాగితం దూరుతుంటే అది లేస్తోందని అర్థం, పంపేయాలి. మెడ అంచుల వెంట వేలు జరిపితే ఫ్రెట్ కడ్డీల చివరలు గీరుకుంటున్నాయా? అది లోపమే గాని సన్నని గరుకు కాగితంతో పోతుంది.

ఇప్పుడు వెదురు. అమ్మేవాళ్ళు రాసిన ‘వేణువు లాంటి నాదం’ చదివి నాకు నవ్వొచ్చింది. వేణువులో పలికేది లోపలి గాలి. గొట్టం ఆ గాలిని కొలిచి పట్టి ఉంచుతుంది, అంతే. అందుకే పీవీసీ గొట్టంతో చేసిన వేణువు కూడా శ్రుతిలో పలుకుతుంది. యుకులేలేలో అలా కాదు. తీగ ఊపు శాడిల్ మీదుగా పైపలకకు దిగి, ఆ పలక ఊగితేనే మనకు వినిపిస్తుంది. కాబట్టి వేణువు బాగుంది గనక వెదురు యుకులేలే బాగుంటుందనడం, మామిడికాయ పుల్లగా ఉంది గనక మామిడి పీట కూడా పుల్లగా ఉంటుందన్నట్టే.

మీ బావమరిది గారి మాటా అంతే. మన దగ్గర పుట్టిన బిడ్డను పడుకోబెట్టే చేట నుంచి పాడె దాకా అన్నీ వెదురే. దాన్ని అంత మాట అనడం భావ్యం కాదు. అసలు యుకులేలేకు ఇదే కలప ఉండాలన్న మడి మొదటి నుంచీ లేదు. 1879 ఆగస్టులో రావెన్స్‌క్రాగ్ అనే ఓడ మీద పోర్చుగల్‌కు చెందిన మదీరా దీవుల నుంచి చెరకు తోటల పనికి హవాయి చేరినవాళ్ళు తమ చిన్న నాలుగు తీగల వాయిద్యాన్ని వెంట తెచ్చారు. వాళ్ళలో ముగ్గురు వడ్రంగం తెలిసినవాళ్ళు, అక్కడ దొరికే కోవా కలపతో అలాంటివి చేయడం మొదలుపెట్టారు. కోవా మన తుమ్మకు దూరపు చుట్టం, హవాయిలో తప్ప సహజంగా ఎక్కడా పెరగదు. ఇప్పుడు దాని ధర మనలాంటివాళ్ళకు అందదు. బొబ్బిలి వాళ్ళకు పనస దొరికింది, వీణ చేశారు. వెదురు దొరికినవాళ్ళు వెదురుతో చేస్తున్నారు.

అయితే వెదురు పలక అనేది ఎలా వస్తుందో తెలిస్తే మీ చేతిలో ఉన్నదాన్ని చూసే చూపు మారుతుంది. వెదురు శాస్త్రప్రకారం చెట్టు కాదు, గడ్డి. (1927 నాటి మన అటవీ చట్టం దాన్ని చెట్టనే అంది, 2017లో సవరించి ఆ జాబితాలోంచి తీసేశారు.) లోపల బోలు. మానును కోసి పలక తీసినట్టు దీన్నుంచి తీయడం కుదరదు. బొంగును నిలువుగా చీల్చి, బద్దలను చిత్రిక పట్టి, ఉడికించి, ఆరబెట్టి, పక్కపక్కన జిగురుతో అతికి, ఆ దిమ్మ నుంచి పలుచని పలకలు కోస్తారు. ఉడికించడం ఎందుకంటే వెదురులో పిండిపదార్థం ఉంటుంది, దానికి పురుగు వస్తుంది. మన మేదరులు వెదురును నీళ్ళలో నానబెట్టినప్పుడు కూడా ఆ పిండిపదార్థం కొంత పోతుంది. మీ వాయిద్యం రంగు లేత పసుపైతే అది వెదురు సహజమైన రంగు. బెల్లపు రంగులో ఉంటే చాలాసార్లు అది రంగు పూసింది కాదు, ఎక్కువసేపు ఆవిరి పట్టడం వల్ల వచ్చింది. అలా చేసిన వెదురు కాస్త మెత్తబడుతుంది. అమ్మేవాళ్ళు రాసిన ‘కలప కంటే గట్టిది’ అన్న వాక్యాన్ని అంతవరకు తగ్గించి చదువుకోండి.

ఇప్పుడు వెలుతురులోకి తీసుకెళ్ళి పైపలక మీద గుండ్రని రంధ్రం అంచును చూడండి. పైన కనిపించే బద్దల గీతలు అంచు మందంలోకి కూడా దిగుతున్నాయా? అయితే అది మొత్తం వెదురు పలక. అంచులో బిస్కెట్టు పొరల్లా రెండు మూడు పొరలు కనిపిస్తున్నాయా? అయితే పైన వెదురు పొర, లోపల మామూలు చెక్క. రెండోది మోసమని అనను. వానాకాలం తేమకు పొరల పలకే తక్కువ వంగుతుంది. ‘మొత్తం వెదురు’ అని రాసి పొరల పలక పంపి ఉంటే మాత్రం అది మోసమే, ఆ ఒక్క కారణంతో వాపసు ఇవ్వవచ్చు.

బద్దల అతుకుల మీద గోరు జరపండి. ఎక్కడా తగలకూడదు. కణుపులున్న చోట సన్నని పగుళ్ళు ఉంటాయేమో చూడండి, వెదురు ముందుగా విరిగేది అక్కడే. తరువాత రాత్రి ఒక తెల్లకాగితం మీద బోర్లించి పెట్టి, పొద్దున్నే తట్టి చూడండి. మొదటి రోజు కాస్త రంపపు పొట్టు రాలితే అది ఫ్యాక్టరీ చెత్త. రోజూ మైదా లాంటి మెత్తని పొడి రాలుతుంటే లోపల అద్దెకున్న పురుగు ఉంది. ఇంట్లో మిగతా వెదురు సామానుకు అంటక ముందే సాగనంపండి.

నాదం సంగతికి వస్తే, నేను వాయించి చూసిన వెదురువాటిలో స్వరం తేటగా, సూటిగా వస్తుంది, కింది స్వరాల్లో గాంభీర్యం మాత్రం తక్కువ. గదిలో నలభై మంది పిల్లలు పాడుతుంటే మీకు కావలసింది ఆ తేటదనమే. బరువు కాస్త ఎక్కువ అనిపించవచ్చు. ఈ ధరలో వచ్చే చెక్క యుకులేలేకూ దీనికీ నాదంలో తేడా ఎంత అంటే, తీగలు మారిస్తే వచ్చే తేడా అంత. నాలుగైదు నెలల తరువాత మంచి తీగల జత ఒకటి వేసి చూడండి. స్టీలు తీగలు మాత్రం ఎవరు చెప్పినా వేయకండి, ఆ బిగువుకు బ్రిడ్జి ఊడి చేతికొస్తుంది.

తెలుగు మాస్టారు కాబట్టి ఒక ఉపాయం చెబుతాను. గేయాలకు సి, ఎఫ్, జి7 మూడు కార్డులు చాలాకాలం సరిపోతాయి. పద్యానికి కార్డులు వాయించకండి, ఉత్పలమాల నడక దెబ్బతింటుంది. దానికి మీ వాయిద్యంలోనే తయారుగా ఒక ఏర్పాటు ఉంది. సి తీగ ఒకటో శ్రుతి షడ్జం. జి తీగ దాని పంచమం. మామూలుగా యుకులేలే మీద ఈ జి తీగ సి కంటే పై స్థాయిలోనే ఉంటుంది. ఈ రెండిటినీ ఏమీ నొక్కకుండా పా, సా, పా, సా అని నిదానంగా మీటుతూ పద్యం ఎత్తుకోండి, బుల్లి తంబురా అవుతుంది. ఒకటో శ్రుతి పిల్లల గొంతుకు కిందికి అనిపిస్తే, ఆ రెండు తీగలనూ అయిదో ఫ్రెట్ దగ్గర ఒకే వేలు అడ్డంగా వేసి నొక్కండి. షడ్జం నాలుగో శ్రుతికి పోతుంది, పంచమం దానితో పాటే వస్తుంది.

కీర్తనలు వాయించాలన్న ఆశ పుడితే మాత్రం ఇది ఇబ్బంది పెడుతుంది. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ మాండలిన్ లాంటి చిన్న పరాయి వాయిద్యం మీద గమకాలన్నీ పలికించారు నిజమే. ఆయన దానికి అయిదు ఒంటి తీగలు కట్టి, విద్యుత్తు జోడించి స్వరాన్ని నిలబెట్టుకున్నారు. నైలాన్ తీగ మీద స్వరం గమకం తిరిగేలోపే ఆరిపోతుంది. యాభై రెండేళ్ళ వయసు దీనికి అడ్డు కాదు. మొదటి మూడు వారాలు వేళ్ళ చివరలు నొప్పి పెడతాయి, అంతే.

ఉంచుకుంటే ఖమ్మం ఎండలను గుర్తుపెట్టుకోండి. వేసవిలో దీన్ని కారులో గాని, బడి రేకుల షెడ్డులో గాని వదలకండి. వెదురు తట్టుకున్నా జిగురు తట్టుకోదు, పలక నిండా ఉన్నది జిగురే.

చివరి లెక్క ఇదీ. స్కేలు కొలత తప్పినా, మెడ వంకరున్నా, బ్రిడ్జి లేస్తున్నా, పొడి రాలుతున్నా పంపేయండి. నట్ ఎత్తు ఒక్కటే తేడా అయితే ఉంచుకుని రిపేరుకు ఇవ్వండి. మీ వర్ణనను బట్టి రెండోదే అయి ఉంటుందని నా ఊహ. మూడో ఫ్రెట్ నొక్కి పట్టుకుని, విజిటింగ్ కార్డు దూర్చి, వంగి ఖాళీ చూడటం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. కార్డు పట్టుకోవడానికి మీ బావమరిది గారిని పిలవండి.